రక్తంలో రాసిపెట్టి ఉన్నదా?

మతిభ్రమణానికి వంశమే కారణమని కొందరు, తల్లి పెంపకమే కారణమని మరికొందరు తీర్పు చెబుతున్న కాలంలో, కవలలను లెక్కించి నిజం వెదకిన ఒక శాస్త్రజ్ఞుని జీవితకథ

లండన్ నగరంలోని మాడ్‌స్లీ మానసిక చికిత్సాలయంలో 1948 నుంచి ఒక ఆనవాయితీ మొదలయింది. కొత్తగా వచ్చిన ప్రతి రోగినీ పేరు, వయస్సు, వృత్తి అడిగిన తరువాత మరొక ప్రశ్న కూడా అడిగేవారు: "మీరు కవలలలో ఒకరా?" అవునంటే ఆ పేరు ఒక ప్రత్యేకమైన రిజిస్టరులోకి ఎక్కేది.

ఆ రిజిస్టరును ప్రారంభించినవాడు ఎలియట్ స్లేటర్ అనే మనోవైద్యుడు. 1963లో దాన్ని వెదుక్కుంటూ అమెరికా నుంచి 32 సంవత్సరాల మనస్తత్వ శాస్త్రజ్ఞుడొకరు లండన్ చేరారు. ఆయన పేరు ఇర్వింగ్ గాటెస్‌మన్. మానవుడు తన మనస్సు చెదిరిపోయే గుణాన్ని పుట్టుకతోనే వెంట తెచ్చుకుంటాడా, లేక లోకమే అతని మనస్సును చెదరగొడుతుందా? ఈ ప్రశ్నకు అభిప్రాయాలతో కాక అంకెలతో సమాధానం చెప్పాలన్నది ఆయన సంకల్పం. తరువాతి యాభై సంవత్సరాలూ ఆయన ఆ పనిలోనే గడిపారు.

ఆయన ఎన్నుకున్న వ్యాధి స్కిజోఫ్రీనియా. నూటికి ఇంచుమించు ఒకరిని జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పట్టుకునే ఈ జబ్బు, ఎక్కువగా నవయౌవనంలోనే కనిపిస్తుంది. చదువుకుంటున్న కుర్రవాడు క్రమంగా గదిలో ఒంటరిగా కూర్చోవడం మొదలుపెడతాడు. ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయంటాడు. ఇంటివారే తనపై కుట్ర పన్నుతున్నారని నమ్ముతాడు. కన్నవారికి కలిగే మొదటి సందేహం ప్రపంచమంతటా ఒక్కటే: "ఇది మావల్ల వచ్చిందా?"

రెండు క్రూరమైన తీర్పులు

ఆ సందేహానికి ఇరవయ్యో శతాబ్దం రెండు సమాధానాలు ఇచ్చింది. రెండూ క్రూరమైనవే.

మొదటి సమాధానం జర్మనీ నుంచి వచ్చింది. మ్యూనిక్ నగరంలో ఎర్న్‌స్ట్ రూడిన్ అనే మనోవైద్యుడు 1916లోనే స్కిజోఫ్రీనియా రోగుల తోబుట్టువులను లెక్కించి, ఈ వ్యాధి కుటుంబాలలో ఎంతగా ప్రబలుతుందో కొలవడానికి ప్రయత్నించాడు. ఆ శాస్త్రం నాజీల చేతిలో ఆయుధమయింది. 1933 జూలైలో హిట్లర్ ప్రభుత్వం చేసిన నిర్బంధ వంధ్యీకరణ చట్టాన్ని రూడిన్ సమర్థించి, దానికి వ్యాఖ్యానం రాసినవారిలో ఒకడయ్యాడు. ఆ చట్టం కింద దాదాపు 4,00,000 మందికి సంతానయోగం లేకుండా చేశారు. తరువాత రోగులను చంపడమే మొదలయింది. 1941 ఆగస్టు నాటికి విషవాయువుతో హతమార్చినవారే 70,000 మందికి పైబడ్డారు.

రెండవ సమాధానం యుద్ధానంతర అమెరికాలో పుట్టింది. వంశపారంపర్యం అన్న మాటే ఏహ్యమైపోయిన ఆ రోజులలో, నింద తల్లి మీదికి మళ్ళింది. బిడ్డను ప్రేమించలేని, అదుపులో ఉంచాలని చూసే తల్లే ఈ వ్యాధిని పుట్టిస్తుందన్న వాదం బయలుదేరింది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అనే విదుషీమణి అటువంటి తల్లికి ఒక శాస్త్రీయ నామమే ప్రసాదించింది. బిడ్డ జబ్బుతో కుమిలిపోతున్న తల్లులకు అపరాధ భావం అదనంగా లభించింది.

గాటెస్‌మన్ రంగంలోకి వచ్చేసరికి ఈ రెండవ వాదమే రాజ్యమేలుతున్నది.

నావికుడు శాస్త్రజ్ఞుడైన వైనం

ఆయన 1930 డిసెంబరులో ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో జన్మించారు. తూర్పు ఐరోపా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబం. నౌకాదళం ఇచ్చిన విద్యార్థి వేతనంతో కళాశాలలో చేరి, భౌతికశాస్త్రం చదవబోయి మనస్తత్వ శాస్త్రానికి మారారు. నౌకాదళంలో పనిచేసిన తరువాత, మాజీ సైనికులకు ప్రభుత్వం కల్పించిన సదుపాయంతో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధనకు చేరి 1960లో డాక్టరేటు పొందారు. కవలలైన విద్యార్థుల వ్యక్తిత్వాలను పోల్చి చూడడమే ఆయన పరిశోధన. వ్యక్తిత్వంలో పుట్టుక పాత్ర కూడా ఉన్నదన్న ఆ గ్రంథం మొదట తిరస్కరణకు గురయి, 1963లో గాని వెలుగు చూడలేదు.

అదే సంవత్సరం లండన్ పిలుపు వచ్చింది. అక్కడి గురువు స్లేటర్ కథ కూడా విశేషమైనదే. ఆయన 1930ల నడుమ మ్యూనిక్‌లో రూడిన్ సంస్థలోనే శిక్షణ పొందారు. నాజీల పోకడలను కళ్లారా చూసి అసహ్యించుకున్నారు. అక్కడే పరిచయమైన లిడియా పాస్టర్నాక్ అనే యూదు శాస్త్రజ్ఞురాలిని 1935లో వివాహమాడారు. "డాక్టర్ జివాగో" రచయిత బోరిస్ పాస్టర్నాక్‌కు ఆమె చెల్లెలు. వంశానుగత శాస్త్రాన్ని దుర్మార్గుల చేతినుంచి విడిపించి నిజాయితీగా సాగించవచ్చునని స్లేటర్ నమ్మారు. ఆ నమ్మకం శిష్యునికీ సంక్రమించింది.

57 జంటలు చెప్పిన సత్యం

కవలలు రెండు రకాలు. ఒకే అండం రెండుగా చీలి పుట్టినవారు సమరూప కవలలు. వారి జన్యుసంపద ఇంచుమించు ఒక్కటే. రెండు వేర్వేరు అండాలనుంచి పుట్టినవారు భిన్నరూప కవలలు. వారి మధ్య పోలిక సామాన్యమైన తోబుట్టువుల మధ్య ఉన్నంతే. రెండు రకాలవారూ ఒకే ఇంట, ఒకే తల్లి ఒడిలో, ఒకే కాలంలో పెరుగుతారు. పెంపకమే వ్యాధికి కారణమైతే రెండు రకాలలోనూ వ్యాధి ఒకే తీరున పంచుకోబడాలి. వంశమొక్కటే కారణమైతే సమరూప కవలలలో ఒకరికి వచ్చిన జబ్బు రెండవవారికి తప్పక రావాలి.

గాటెస్‌మన్, ఆయన సహచరుడు జేమ్స్ షీల్డ్స్ కలిసి 16 సంవత్సరాలలో ఆ చికిత్సాలయానికి వచ్చిన దాదాపు 45,000 మంది రోగుల వివరాలలోనుంచి, ఒకరికైనా స్కిజోఫ్రీనియా ఉన్న 57 కవల జంటలను ఏరి తీశారు. సమరూపులెవరో, భిన్నరూపులెవరో రక్తపు గ్రూపులు, వేలిముద్రలు పరిశీలించి నిర్ణయించారు. ఆ పైన తమ మీద తామే ఒక కట్టడి విధించుకున్నారు. ఎవరు ఏ రకం కవలలో, ఎవరు ఎవరికి తోబుట్టువో తెలియకుండా రోగచరిత్రలను విడదీసి, వివిధ దేశాలకు చెందిన ఆరుగురు నిపుణులకు పంపారు. రోగనిర్ణయం వారిది; లెక్క వీరిది.

ఫలితం ఇదీ: 24 సమరూప జంటలలో 10 జంటలలో ఇద్దరికీ వ్యాధి ఉన్నది. 33 భిన్నరూప జంటలలో అటువంటివి 3 మాత్రమే. అంటే ఒకచోట 42 శాతం, మరొకచోట 9 శాతం.

ఈ రెండు అంకెలు రెండు వాదాలనూ దెబ్బతీశాయి. 42కూ 9కీ ఉన్న అంతరాన్ని తల్లి పెంపకంతో వివరించడం సాధ్యం కాదు. అదే సమయంలో, జన్యువులు ఒక్కటే అయినా 24 జంటలలో 14 జంటలలో రెండవవారు ఆ వ్యాధికి లోబడలేదు. రక్తమే సర్వస్వమని చెప్పేవారికి ఆ పద్నాలుగు జంటలే జవాబు. 1972లో ఈ పరిశోధన గ్రంథరూపం ధరించింది.

అలుగు దాటిన నీరు

మరి వ్యాధి ఎలా వస్తుంది? ఒకే ఒక్క దుష్ట జన్యువు తలిదండ్రుల నుంచి బిడ్డకు దిగుతుందని చాలామంది అనుకునేవారు. 1967లోనే గాటెస్‌మన్, షీల్డ్స్ వేరొక మార్గం సూచించారు. ఎడింబరోకు చెందిన డగ్లస్ ఫాల్కనర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు రూపొందించిన గణితాన్ని స్కిజోఫ్రీనియాకు అన్వయించి, దీని వెనుక ఒక జన్యువు కాక అనేక జన్యువులు ఉన్నాయని ప్రతిపాదించారు.

పల్లెటూరి చెరువును తలచుకుంటే ఈ సిద్ధాంతం సులభంగా బోధపడుతుంది. చెరువులోకి చిన్నచిన్న వాగులు, వంకలు ఎన్నో వచ్చి కలుస్తాయి. వాటిలో ఏ ఒక్కటీ తానుగా చెరువును నింపలేదు. అన్నీ కలిసి కొన్ని చెరువులలో నీటిమట్టాన్ని అలుగు దగ్గరికి తెస్తాయి. అప్పుడు ఒక పెద్దవాన కురిస్తే నీరు అలుగు దాటి పొర్లుతుంది. వాగులు జన్యువులు, వాన జీవితం తెచ్చిపెట్టే ఒత్తిడి. గర్భస్థ దశలోని చిక్కులు, ప్రసవంలో ప్రమాదం, యౌవనంలో గంజాయి అలవాటు అటువంటి వానలేనని తరువాతి పరిశోధనలు సూచించాయి. నీరు అలుగును తాకని చెరువులో కూడా ఆ వాగులు పారుతూనే ఉంటాయి. ఆ మాటకొస్తే, ఆ జన్యువులలో కొన్ని మనందరిలోనూ ఉన్నాయి.

ఆరోగ్యవంతుని సంతానం

ఈ సిద్ధాంతానికి ఒక కఠినమైన పరీక్ష డెన్మార్క్‌లో జరిగింది. జనన మరణాలనూ, ఆసుపత్రి వివరాలనూ పకడ్బందీగా భద్రపరిచే దేశమది. సమరూప కవలలలో ఒకరు రోగి, మరొకరు ఆరోగ్యవంతులు అనుకుందాం. ఇద్దరికీ పిల్లలు పుట్టారు. ఎవరి పిల్లలకు ముప్పు ఎక్కువ?

డేనిష్ వైద్యుడు ఆక్సెల్ బెర్టెల్సన్‌తో కలిసి 1989లో గాటెస్‌మన్ వెల్లడించిన సమాధానం ఆశ్చర్యకరమైనది. స్కిజోఫ్రీనియానూ దానివంటి ఇతర మతిభ్రమణాలనూ కలిపి లెక్కించినప్పుడు రోగి సంతానంలో ముప్పు 16.8 శాతం, ఆరోగ్యవంతుని సంతానంలో 17.4 శాతం. ఇంచుమించు సమానం. భిన్నరూప కవలలలో మాత్రం ఆరోగ్యవంతుని పిల్లలకు ముప్పు 2.1 శాతమే. ఆరోగ్యవంతుడైన సమరూప కవల తనలో వ్యాధి బయటపడకపోయినా ఆ జన్యువులను మోస్తూనే ఉన్నాడు. రోగగ్రస్తుని ఇంట పెరగడం కూడా ఆ ముప్పును పెంచినట్లు కనిపించలేదు. తల్లుల మీద మోపిన నేరానికి ఇంతకన్న గట్టి ఖండన అక్కరలేదు.

న్యాయస్థానంలో ఒక అంకె

గ్రంథాలలో ఉన్న శాతాలు ఒక్కొక్కప్పుడు మనుషుల అన్నాన్ని తీసివేస్తాయి. హాంకాంగ్‌లో అదే జరిగింది. అగ్నిమాపక, అంబులెన్సు, కస్టమ్సు ఉద్యోగాలకు సంబంధించి ముగ్గురు యువకులను అక్కడి ప్రభుత్వం అనర్హులన్నది. వారిలో ఏ లోపమూ లేదు. తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉండడమే కారణం.

వ్యవహారం న్యాయస్థానానికి ఎక్కినప్పుడు యువకుల పక్షాన నిపుణుడుగా సాక్ష్యం చెప్పినవారు గాటెస్‌మన్. రోగి సంతానానికి జీవితం మొత్తంమీద ఉన్న ముప్పును పట్టుకుని, ఆరోగ్యంగా పెరిగి పెద్దయిన యువకుని తూచడం తగదు. ముప్పు వయస్సులో కొంత భాగం అతడు అప్పటికే దాటివచ్చాడు. 2000 సెప్టెంబరులో న్యాయస్థానం ఆ యువకులకు అనుకూలంగా తీర్పు ఇచ్చి నష్టపరిహారం మంజూరు చేసింది. అరవై ఏళ్ల క్రితం వంశవృక్షం చూపి మనుషులను హతమార్చిన శాస్త్రమే, ఈసారి ముగ్గురికి వారి జీవనోపాధి హక్కును నిలబెట్టింది.

ఒకటి కాదు, వందలు

ఈలోగా ప్రయోగశాలలలో జన్యువుల వేట సాగుతూనే ఉన్నది. 1987లో మానసిక ఉద్రేక-విషాద వ్యాధికీ, 1988లో స్కిజోఫ్రీనియాకూ జన్యుస్థానం దొరికిందని ప్రకటనలు వెలువడ్డాయి. ఆ రెండూ తరువాతి పరీక్షలకు నిలవలేదు. ఒక్క దొంగకోసం వెదికినంతకాలం ఎవరూ పట్టుబడలేదు.

2009లో అంతర్జాతీయ బృందమొకటి వేలాది సూక్ష్మమైన జన్యుభేదాలు కలిసి పనిచేస్తున్నాయని నిరూపించింది. 1967 నాటి ప్రతిపాదన నలభై రెండేళ్లకు ధ్రువపడింది. 2014లో 36,989 మంది రోగులను పరిశీలించి 108 జన్యుస్థానాలను గుర్తించారు. గాటెస్‌మన్ దాన్ని చూడగలిగారు. 2016 జూన్‌లో, 85 ఏళ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు. 2022 నాటికి రోగుల సంఖ్య 76,755కు, స్థానాల సంఖ్య 287కు పెరిగింది. ఈ పరిశోధనలలో ఐరోపా సంతతివారే అధికం. మన దేశంలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ, చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ భారతీయ కుటుంబాలలో ఇటువంటి అన్వేషణ చేపట్టాయి.

అయినా రక్తం పరీక్షించి "ఇతనికి ఈ వ్యాధి వస్తుంది" అని చెప్పగల పరీక్ష ఏదీ లేదు. రోగులలో పదింట తొమ్మిది మంది తల్లిదండ్రులకు ఈ జబ్బే లేదు.

పెళ్లి సంబంధాలు కుదిరే వేళ "వారి వంశంలో పిచ్చి ఉన్నదట" అన్న గుసగుస మన ఊళ్లలోనూ వినబడుతుంది. మందు వాడుతున్న అన్నను దాచిపెట్టి చెల్లెలి పెళ్లి చేసిన ఇళ్లున్నాయి. అటువంటి గుసగుసకు జవాబు చెప్పగల లెక్క ఒకటి గాటెస్‌మన్ తన 79వ ఏట, 2010లో డేనిష్ సహచరులతో కలిసి ప్రకటించారు. పది లక్షలకు పైగా దంపతుల సంతానాన్ని పరిశీలించిన ఆ అధ్యయనంలో తల్లిదండ్రులిద్దరికీ వ్యాధి లేని పిల్లలలో స్కిజోఫ్రీనియా ముప్పు 0.86 శాతం, ఒకరికి ఉంటే 7 శాతం, ఇద్దరికీ ఉంటే 27.3 శాతం. ముప్పు పెరగడం నిజం. దాన్ని దాచవలసిన పని లేదు. కాని ఆ లెక్కనే మరొక వైపునుంచి చదివితే, తల్లో తండ్రో రోగగ్రస్తులైన నూరుమంది పిల్లలలో తొంభై ముగ్గురు ఈ వ్యాధి లేకుండానే బ్రతుకుతారు. తల్లిదండ్రులిద్దరూ రోగులైన పిల్లలలో సైతం అధికసంఖ్యాకులు ఆ అలుగును దాటరు.