వేగుచుక్క నిజానికి చుక్క కాదు!
తీర గ్రామాల విద్యార్థులకు ఖగోళ పదాల పరిచయం

నెల్లూరు: తెల్లవారుజామున మైపాడు, తుమ్మలపెంట తీరాల్లో పడవలు దించే మత్స్యకారులకు వేగుచుక్క కొత్త కాదు. అయితే అది చుక్క కాదు, శుక్రగ్రహం. స్వయంగా వెలిగేది నక్షత్రం. నక్షత్రం చుట్టూ తిరుగుతూ దాని వెలుగుతోనే మెరిసేది గ్రహం. గ్రహం చుట్టూ తిరిగేది ఉపగ్రహం. అది తిరిగే దారి కక్ష్య. ఈ లెక్కన సూర్యుడు నక్షత్రం, భూమి గ్రహం, చంద్రుడు ఉపగ్రహం.

ఈ తీరానికి దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. 2022లో ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. 2023 జూలై 14న చంద్రయాన్-3, సెప్టెంబరు 2న ఆదిత్య-ఎల్1 అక్కడి నుంచే బయలుదేరాయి. రాకెట్ పొగను ఇంటి ముంగిట నుంచి చూసే పిల్లలు ఖగోళ పదాలను మాత్రం పరీక్ష కోసం కంఠతా పట్టి మరచిపోవడం విచారకరం. నిజానికి ఆ పదాల అర్థం పల్లె జనం అనుభవంలోనే ఉంది.

కార్తెలు - పరిభ్రమణం

భూమి తన చుట్టూ తాను తిరగడం భ్రమణం. దానివల్లనే పగలు, రాత్రి ఏర్పడుతున్నాయి. శ్రీహరికోట వద్ద నేల ఈ భ్రమణంతో గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు సాగుతోంది. తూర్పుగా ఎగిరే రాకెట్‌కు ఈ వేగం కలిసి వస్తుంది. ఆ దిక్కున సముద్రమే ఉండడం మరో సౌకర్యం.

భూమి ఏడాదికి ఒకసారి సూర్యుని చుట్టి రావడం పరిభ్రమణం. అందువల్ల సూర్యుడు ఒక్కో నక్షత్రం వద్ద 13, 14 రోజులు ఉన్నట్లు కనిపిస్తాడు. అదే రైతులు చెప్పే కార్తె. రోళ్ళు పగిలే రోహిణి కార్తె కూడా ఆ 27 కార్తెల్లో ఒకటి. పెద్దలు పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపే కృత్తిక.

ఆటుపోట్లు - గ్రహణాలు

అమావాస్య, పున్నమి నాళ్ళలో పోటు ఎక్కువని మత్స్యకారులు ఎరుగుదురు. ఆ రోజుల్లో సూర్యచంద్రులు, భూమి ఇంచుమించు ఒకే వరుసలోకి వస్తాయి. రెండింటి ఆకర్షణ కలిసి నీటిని లాగుతుంది. అష్టమి నాళ్ళలో ఆ బలం తగ్గుతుంది.

ఆ వరుస సూటిగా కుదిరితే గ్రహణం. అమావాస్యనాడు చంద్రుడు అడ్డువస్తే సూర్యగ్రహణం, పున్నమినాడు భూమి నీడ చంద్రునిపై పడితే చంద్రగ్రహణం. ఇది నీడల వల్లనేనని ఆర్యభటుడు 5వ శతాబ్దపు చివరిలోనే తెలిపాడు. అయినా 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా సాగినపుడు భయంతో ఎందరో తలుపులు మూసుకున్నారు. అదే రోజు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. అయితే సూర్యుని నేరుగా చూస్తే కళ్ళు దెబ్బతింటాయి. అట్టకు చిన్న రంధ్రం చేసి, దాని గుండా కాగితంపై పడే బింబాన్ని చూడాలి.

పిడికిలితో కొలత

చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరంలో, సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. సూర్యకాంతి మనకు చేరడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. కాంతి ఏడాదిలో సాగే దూరం కాంతి సంవత్సరం. ఇది కాలానికి కాదు, దూరానికి కొలత. సూర్యుని తర్వాత మనకు దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో సుమారు 10 డిగ్రీల కొలత. నెల్లూరులో ఉత్తరాన నేల అంచు నుంచి ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తులో ధ్రువ నక్షత్రం కనిపిస్తుంది. నెల్లూరు అక్షాంశం కూడా సుమారు 14 డిగ్రీలే. శ్రీకాకుళం వెళితే ఆ నక్షత్రం 18 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. దిక్సూచి లేని రోజుల్లో నావికులకు ఇదే ఆధారం.

దీనికి దుర్భిణి అక్కరలేదు. నెలకు ఒక అమావాస్య రాత్రి ఉపాధ్యాయులు విద్యార్థులను దీపాలు లేని ఇసుక తిన్నెలపైకి తీసుకుపోయి, ఊరి పెద్దల చేత చుక్కల పేర్లు చెప్పిస్తే చాలు. పుస్తకంలోని మాట, పల్లె మాట రెండూ పిల్లలకు మిగులుతాయి.