చేతి స్ప్రేయరును కడుగుట, బాగుచేసుకొనుట

పైరుపై మందు కొట్టిన నాటి సాయంకాలమునకు రైతు అలసిపోయి యుండును. స్ప్రేయరును కొట్టములో ఒక మూలకు చేర్చి, రేపు కడుగుకొందునని ఇంటికి పోవును. ఆ రేపు తరచుగా మరల మందు కొట్టవలసిన దినము వరకు రాదు. ఈలోగా ట్యాంకు అడుగున మిగిలిన మందు ఎండి గడ్డకట్టును, వాషరు బిగుసుకొనును, నాజిల్ రంధ్రము పూడిపోవును. ఇవి యంత్రమునకు కలుగు నష్టములు. పైరుకు కలుగు నష్టము ఇంతకన్న పెద్దది గనుక దానిని ముందుగా చెప్పెదము.

ట్యాంకులో మిగిలిన కలుపు మందు

వరి, మొక్కజొన్న, చెరకు పైర్లలో వెడల్పాకు కలుపును చంపుటకు 2,4-డి అను మందును వాడుచున్నారు. ఈ మందు ప్రత్తికి బొత్తిగా పడదు. వరిలో దీనిని కొట్టిన స్ప్రేయరును సరిగా కడుగక, దానితోనే ప్రత్తిపై పురుగు మందు కొట్టినచో, ట్యాంకు గోడలకును రబ్బరు గొట్టము లోపలను అంటియున్న కొద్దిపాటి మందే హాని చేయుటకు చాలును. కొన్ని దినములకు కొత్తగా వచ్చు ఆకులు వెడల్పు తగ్గి, వ్రేళ్ళవలె చీలి, బెండ ఆకులను పోలియుండును. కొమ్మల చివరలు మెలి తిరుగును. గూడ, పూత రాలును.

రైతు దీనిని తెగులని యెంచి మరియొక మందు కొని తెచ్చును. ఆ ఖర్చు వృథా, ఏలనన ఇది తెగులు కాదు, దీనికి విరుగుడు మందు లేదు. దెబ్బ స్వల్పమైనచో మొక్క కొన్ని వారములకు కొత్త చిగుళ్ళు వేసి తేరుకొనును. ఎక్కువైనచో దిగుబడి తగ్గక తప్పదు. మిరప, టొమాటో, ద్రాక్ష తోటలకు కూడ ఈ ప్రమాదము కలదు.

కారణము స్ప్రేయరేనా, ప్రక్క చేను నుండి గాలికి కొట్టుకొని వచ్చిన మందా అని తెలిసికొనుటకు ఒక గుర్తు కలదు. మొదటి ట్యాంకు కొట్టిన సాళ్ళలో దెబ్బ హెచ్చుగా నుండి, తరువాతి ట్యాంకులు కొట్టిన సాళ్ళలో క్రమముగా తగ్గుచున్నచో తప్పు స్ప్రేయరుది. గాలి వచ్చిన వైపు గట్టు వెంబడి ఎక్కువగా నుండి లోపలికి పోనుపోను తగ్గినచో అది గాలికి వచ్చినది. పొరుగు రైతుతో తగవునకు పోవుటకు ముందు ఈ సంగతి చూచుకొనుట మంచిది.

కలుపు మందులకు వేరే స్ప్రేయరు నుంచుకొని, దానిపై ఎర్రరంగుతో పెద్ద గుర్తు వేయుట అన్నిటికన్న మేలు. ఒక్కరికి భారమైనచో ముగ్గురు నలుగురు కలిసి కొనుక్కొనవచ్చును. అద్దెకు తెచ్చినచో, కడపట దానితో ఏ మందు కొట్టినారో అడుగక ప్రత్తి చేనిలోనికి తీసికొనిపోరాదు.

కడుగు పద్ధతి

మందు అయిపోయిన వెంటనే, చేనిలోనే కడుగవలెను. ట్యాంకులో నాలుగవ వంతు మంచినీరు పోసి, మూతపెట్టి బాగుగా కుదిపి, పంపు కొట్టుచు ఆ నీటిని నాజిల్ గుండా బయటకు పంపవలెను. ఇట్లు మూడు మారులు చేయవలెను. ట్యాంకును బోర్లించి పారబోసినంత మాత్రమున గొట్టము, ట్రిగ్గరు, లాన్సు శుభ్రము కావు. కడిగిన నీటిని మందు కొట్టిన చేనిలోనే పలుచగా చల్లవలెను. కాలువలోగాని, చెరువులోగాని, బావి దగ్గరగాని పోయరాదు. చేపలకును, పశువులకును, మనకును అది విషమే.

2,4-డి కొట్టిన స్ప్రేయరుకు ఇది చాలదు. నీటితో కడిగిన పిమ్మట లీటరుకు 10 గ్రాముల చొప్పున బట్టలుతుకు సోడా కలిపిన నీటితో ట్యాంకును నింపి, కొంత నీటిని గొట్టము గుండా పంపి, రాత్రియంతయు అట్లే ఉంచవలెను. మరునాడు దానిని నాజిల్ గుండా వెడలించి, మంచినీటితో మరల మూడు మారులు కడుగవలెను. ఇది ఉప్పు రూపమున నున్న మందులకు పనిచేయును. నూనెవలె నుండు ఎస్టరు రకమును కొట్టిన ట్యాంకును ఎంత కడిగినను ప్రత్తికి వాడకుండుటయే క్షేమము.

కొందరు ఇంటికి సున్నము కొట్టుటకు కూడ ఈ స్ప్రేయరునే వాడుదురు. పని సులువగును గాని, సున్నపు నలకలు వాషరును గీరి చెరుపును. అట్లు వాడక తప్పనిచో సున్నమును పలుచని గుడ్డలో వడగట్టి, పని అయిన వెంటనే కడుగవలెను.

పంపు సరిగా పట్టనప్పుడు

విప్పుటకు ముందు ట్యాంకును ఖాళీ చేసి, ట్రిగ్గరు నొక్కి లోపలి ఒత్తిడిని తీసివేయవలెను. లేనిచో మందు మొగముపై చిమ్మును. చేతులకు రబ్బరు తొడుగులు వేసికొనవలెను.

పిడిని కదల్చినప్పుడు నీరు సిలిండరులోనికి ఒక కవాటము గుండా వచ్చి, మరియొక కవాటము గుండా ఒత్తిడి గదిలోనికి పోవును. ఆ గదిలోని గాలి నొక్కుకొని నీటిని ఎడతెగక బయటకు నెట్టును. ఇది తెలిసినచో లోపమెక్కడో ఊహించవచ్చును. పిడి తేలికగా ఆడుచు మందు రాకున్నచో వాషరు అరిగియుండును, లేదా మొదటి కవాటములో చెత్త పడియుండును. పిడిని వదలగానే అది తనంతట తాను కదలినచో రెండవ కవాటము సరిగా మూసికొనుట లేదని తెలియవలెను. గోళీని, అది కూర్చుండు స్థలమును గుడ్డతో తుడిచినచో తరచు సరిపోవును. పిడి మిక్కిలి బరువుగా నున్నచో జల్లెడగాని నాజిల్‌గాని పూడినదన్నమాట.

పాత ఇత్తడి పంపులలోని తోలు వాషరు ఎండి ముడుచుకొనినచో పారవేయనక్కరలేదు. ఒక రాత్రి ఆముదములో నానవేసినచో మెత్తబడి మరల పట్టును. రబ్బరు వాషరుకు మాత్రము కిరసనాయిలు తగులనీయరాదు. పలు రకముల రబ్బరు దానితో ఉబ్బి పాడగును. కొత్త వాషరు కొనునప్పుడు పాతదానిని దుకాణమునకు వెంట తీసికొని పోవుట మంచిది, ఏలనన ఒక తయారీ స్ప్రేయరు వాషరు మరియొకదానికి అమరదు.

నాజిల్ పూడినప్పుడు నోటితో ఊదుట మన పల్లెలలో నిత్యము చూచునదే. ఇది ప్రాణముతో చెలగాటము. సూదితోగాని ఇనుప తీగెతోగాని పొడుచుట కూడ తగదు, రంధ్రము పెద్దదగును. నీటిలో నానవేసి, మెత్తని బ్రష్షుతో గాని గడ్డిపోచతో గాని శుభ్రపరచవలెను.

అరిగిన నాజిల్ కంటికి కనబడదు గాని డబ్బును హరించును. స్ప్రేయరులో మంచినీరు నింపి, పిడిని ఒకే తీరున ఆడించుచు, ఒక నిమిషములో వచ్చు నీటిని కొలపాత్రలో పట్టవలెను. అదే రకపు కొత్త నాజిల్‌తో అట్లే కొలిచి చూడవలెను. పాతది నూటికి పది వంతులకన్న హెచ్చుగా విడుచుచున్నచో మార్చవలెను. ఉదాహరణకు, కొత్తది 600 మిల్లీలీటర్లును పాతది 720 మిల్లీలీటర్లును ఇచ్చినదనుకొనుడు. అదే నడకతో నడచినచో ఎకరమునకు 12 ట్యాంకులు పట్టుచోట 14 ట్యాంకులకు పైగా పట్టును. ట్యాంకు లెక్కన మందు కలుపు రైతు ఆ రెండు ట్యాంకుల మందును ప్రతి ఎకరమునకు అదనముగా కొనుచున్నాడు. కొత్త నాజిల్ వెల అంతకన్న చాల తక్కువ.

పని లేని దినములలో ట్యాంకును ఆరబెట్టి, మూత తీసి, ఎండ తగులని చోట బోర్లించి ఉంచవలెను. ఎలుకలు గొట్టమును కొరుకును గనుక దానిని ఎత్తున వ్రేలాడదీయుడు. బ్యాటరీ స్ప్రేయరైనచో బ్యాటరీని పూర్తిగా చార్జి చేసి దాచి, నెలకొకసారి మరల చార్జి చేయవలెను. ఖాళీ బ్యాటరీని వదలివేసినచో అది మరుసటి పంటకు పనికిరాదు.