దీపపు ఎరయు దోమతెరయు



గడచిన వర్షాకాలమందు ఒక విద్యార్థి తల్లి పాఠశాలకు వచ్చి, "అయ్యవారూ, గోడ ప్లగ్గునకు తగిలించెడు నీలిదీపము ఒకటి కొన్నాము. పురుగులన్నియు దాని జిగురుమీదనే పడుచున్నవి. ఇక పిల్లలకు దోమతెర కట్టవలెనా?" అని యడిగెను. ప్రశ్న చిన్నదే గాని, దాని యుత్తరముమీద బిడ్డల ఆరోగ్యము ఆధారపడియున్నది. కావున ఆమెకు చెప్పిన సంగతులనే కొంచెము విస్తరించి యిచ్చట వ్రాయుచున్నాను.

దీపముతో పురుగును పట్టుట మన సీమకు క్రొత్తది కాదు. తొలకరి వాన కురిసిన సాయంకాలమున పుట్టలనుండి ఉసిళ్లు లేచి దీపము చుట్టు మూగుట బి.కొత్తకోట పిల్లలందరును ఎరిగినదే. అట్టి వేళ మన పెద్దలు ఇంటిలోని దీపము ఆర్పి, వాకిట వేరొక దీపము పెట్టి, దాని క్రింద నీళ్ల పళ్లెము ఉంచెడివారు. ట్యూబులైటు ప్రక్కను నూనె పూసిన కాగితము వ్రేలాడగట్టుట నేటికిని అనేక గృహములలో కానవచ్చును. వేరుసెనగ పండించు రైతులు, వాన పడిన పిమ్మట నేలలోనుండి వెలువడు ఎర్ర గొంగళి పురుగు యొక్క రెక్కపురుగులను, గట్లమీద మంటలు వేసియు దీపపు ఎరలు పెట్టియు చంపుదురు. ఒక ఆడు రెక్కపురుగు చచ్చినచో అది పెట్టబోవు వందలకొలది గ్రుడ్లును దానితోనే నశించును. నేడు అంగళ్లలో దొరకు ప్లగ్గు దీపము ఈ పాత యుపాయమునకు క్రొత్త రూపము మాత్రమే.

ఈ పరికరములో రెండు భాగములు ముఖ్యమైనవి. మొదటిది దీపము. ఇది నీలికాంతితోపాటు మన కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని కూడ వెదజల్లును. ఆ కాంతి తరంగము పొడవు సాధారణముగా 365 నానోమీటర్లకు దగ్గరగా నుండును. ఈగ మొదలగు అనేక కీటకముల కన్నులు దానిని చక్కగా చూడగలవు. రెండవది పట్టెడు సాధనము. కొన్నింటిలో జిగురు అట్టయు, కొన్నింటిలో పురుగును లోనికి పీల్చెడు చిన్న ఫ్యానును, మరి కొన్నింటిలో విద్యుత్తు ప్రవహించెడు తీగల జాలియు ఉండును.

పురుగు దీపమునొద్దకు ఏల వచ్చును? అది వెలుగును ప్రేమించి వచ్చునని కవులు చెప్పిరి. అయితే లండనులోని ఇంపీరియల్ కాలేజీ శాస్త్రజ్ఞులును వారి సహచరులును అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలతో పరీక్షించి, 2024లో వేరొక కారణమును ప్రకటించిరి. ఎగురు పురుగునకు పై యేదో క్రింది యేదో తెలుపునది ఆకాశపు వెలుగే. రాత్రియందు సహితము నేలకంటె ఆకాశము కొంత వెలుగుగా నుండును. కావున అది తన వీపును ఎల్లప్పుడును వెలుగువైపునకు త్రిప్పుకొని యెగురును. ప్రక్కన దీపమున్నప్పుడు ఆ దీపమే ఆకాశమని భ్రమించి, వీపు దానివైపు వంచి, దాని చుట్టు తిరుగుచు అచ్చటనే చిక్కుకొనును. పాపము, అది దీపమును కోరి వచ్చినది కాదు, దారి తప్పినది.

ఇక దోమ సంగతి వేరు. కుట్టునది ఆడుదోమ మాత్రమే. గ్రుడ్లు వృద్ధియగుటకు దానికి రక్తము కావలెను. ఆ రక్తమును వెదకుటకు దానికి దీపముతో పనిలేదు. మనము విడిచెడు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును దూరమునుండియే పసిగట్టి, దగ్గరకు వచ్చిన తరువాత మన దేహపు వేడిమిని, చర్మపు వాసనను అనుసరించి చేరును. చీకటి గదిలో నీలిదీపము ఒక మూలను, నిద్రించు బిడ్డ మరియొక మూలను ఉన్నచో, ఆకలిగొన్న దోమ ఎవరియొద్దకు పోవునో మీరే యోచింపుడు.

ఇది ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని డెలావేరు రాష్ట్రములో ఇండ్ల వెలుపల పెట్టిన విద్యుత్తు దీపపు ఎరలలో చచ్చిన పురుగులను ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కించి, 1996లో ఆ లెక్కను ప్రకటించిరి. మొత్తము 13,789 పురుగులలో మనుష్యులను కుట్టునవి 31 మాత్రమే! మిగిలినవానిలో అధిక భాగము మనకు ఏ హానియు చేయనివి. కొన్ని పంటల చీడను తిని మనకు మేలు చేయునవి. దేవుడు సృజించిన జీవులను అనవసరముగా చంపుట మనకు తగదు గదా.

దోమ యెంతటి శత్రువో మన తెలుగునేలయే లోకమునకు తెలిపినది. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డు రాస్ అను వైద్యుడు ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ పరిశ్రమకు 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మలేరియా దోమ రాత్రివేళ కుట్టును. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ పగటివేళ, విశేషముగా ఉదయమునను సాయంకాలమునను కుట్టును. రాత్రి మాత్రము వెలిగించు దీపము దానికి అడ్డుకాజాలదు.

అట్లయిన ఈ దీపము నిష్ప్రయోజనమా? కాదు. ఐగుప్తుదేశముమీదికి వచ్చిన ఈగల గుంపులనుగూర్చి ఆదివారపు బడిలో చదివిన పిల్లలకు ఈగ యెంతటి పీడయో తెలియును. పెంటకుప్పపై వ్రాలిన కాళ్లతోనే అది మన అన్నముపై వ్రాలును. వంటయింటిలోను, భోజనశాలలోను ఈగలకును చిన్న రెక్కపురుగులకును దీపపు ఎర మంచి సాధనమే. అయితే దానిని పెట్టుటలో ఈ నియమములు పాటింపవలెను.

ఎండ పడు కిటికీకి ఎదురుగా దానిని పెట్టరాదు. సూర్యుని వెలుగు ముందర దీపము ఓడిపోవును. వీధినుండి కనబడునట్లు పెట్టరాదు. వెలుపలి పురుగులను మనమే లోనికి పిలిచినట్లగును. వంటపాత్రలపైనను, భోజనపు బల్లపైనను వ్రేలాడగట్టరాదు. విద్యుత్తు జాలిగల దీపమును వంటయింట ఉంచకుండుట మేలు. కాలిన పురుగు తునకలతోపాటు సూక్ష్మక్రిములును గాలిలో ఎగిరిపడునని పరిశోధనలవలన తెలిసినది. జిగురు అట్ట దుమ్ముపట్టినను నిండినను మార్చవలెను. చిన్నపిల్లల చేతికి అందు ప్లగ్గునందు దానిని పెట్టరాదు.

దోమకు మందు వేరే యున్నది. దానిని నీటిలోనే నివారింపవలెను. మనది నీటి కొరతగల మెట్టసీమ. తొట్లలోను, డ్రమ్ములలోను, బానలలోను నీరు నిలువచేసికొనుట మనకు తప్పదు. డెంగ్యూ దోమ అట్టి మంచినీటిలోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమయై యెగురుటకు వారము పది దినములు చాలును. కావున వారమునకొక దినము తొట్టి నీరు పారబోసి, గోడలను పీచుతో తోమి, ఆరబెట్టి, మరల నింపి మూతపెట్టవలెను. తోముట ముఖ్యము, ఏలయనగా గోడకు అంటుకొనిన గ్రుడ్లు నీరు లేకున్నను నెలలతరబడి బ్రతికియుండును. ప్రభుత్వమువారు శుక్రవారమును "డ్రై డే"గా ఆచరింపుడని చెప్పుట ఇందుకొరకే. పాత టైర్లను, కొబ్బరి చిప్పలను ఆరుబయట పడవేయకుడు. దోమతెర కట్టుట మానకుడు.

విద్యార్థులారా, నా మాటనే నమ్మనక్కరలేదు, పరీక్షించి చూడుడు. ఇంట దీపపు ఎర యున్నచో, జిగురు అట్టపై తేదీ వేసి, ఒక వారము వంటయింటను, మరియొక వారము పడకగదిలోను ఉంచుడు. తరువాత భూతద్దముతో చూచి ఈగలు, దోమలు, ఇతర పురుగులు అని మూడు వరుసలుగా లెక్క వ్రాయుడు. తొట్టిలో మెలికలు తిరుగు పురుగు కనబడినచో, దానిని గాజు సీసాలో నీటితో ఉంచి, మూతికి పలుచని గుడ్డ గట్టి, దినదినము గమనింపుడు. ఆ నీటిపురుగే దోమయగుట మీ కన్నులారా చూతురు. అటుపిమ్మట నీటిని సీసాతోకూడ ఎండలో పారబోయుడు.

ఆ తల్లి మరునాడు తన యింటి జిగురు అట్టను పాఠశాలకు తెచ్చెను. పిల్లలు భూతద్దముతో చూచి లెక్కించిరి. చిన్న రెక్కపురుగులు విస్తారముగా నుండెను. దోమలు వ్రేళ్లమీద లెక్కింపదగినంతయే. ఆమె కొంచెముసేపు మాటాడక, "అయ్యవారూ, దీపము వంటయింటికి, తెర పిల్లల మంచమునకు" అని చెప్పి వెళ్లెను. నేను వ్రాసినదంతయు ఆ యొక్క మాటలో ఇమిడియున్నది.