ఖరీదైన వాక్యూమ్ క్లీనర్: రూపం, ధర, అమ్మకం

గాలితో దుమ్మును పీల్చే వాక్యూమ్ క్లీనర్‌ను భారతీయ గృహాలకు ఎక్కువగా పరిచయం చేసినవారు గుమ్మం ముందుకు వచ్చిన అమ్మకందారులే. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సంస్థ, యంత్రం పనితీరును ఇంట్లోనే చూపించి అమ్మే పద్ధతిని దేశమంతటా స్థిరపరచింది.

పాత వాక్యూమ్ క్లీనర్లలో దుమ్ము చేరే సంచి రంధ్రాలు పూడుకుపోయి పీల్చే శక్తి తగ్గుతోందని గ్రహించిన బ్రిటిష్ రూపకర్త జేమ్స్ డైసన్, 5,127 నమూనాలు చేసి, గాలిని సుడి తిప్పి దుమ్మును వేరుచేసే సైక్లోన్ విధానాన్ని సాధించాడు. సంచి కొనే ఖర్చు తప్పుతుందని ఈ విధానాన్ని మెచ్చేవారు అంటే, మూసిన సంచిని పారేస్తే దుమ్ము మళ్లీ గాలిలో కలవదని పాత పద్ధతిని సమర్థించేవారు అంటారు. ఇంట్లో ఆస్తమా రోగులు ఉంటే రెండో వాదానికే బలం ఎక్కువ.

వేగంగా తిరిగే మోటారు, లిథియం అయాన్ బ్యాటరీ, అతి సూక్ష్మ రేణువులను ఆపే హెపా ఫిల్టరు ధరను పెంచుతాయి. 2018 జులైలో వాక్యూమ్ క్లీనర్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినా, కాలక్రమంలో బ్యాటరీ మార్చే ఖర్చును కూడా అసలు ధరలో భాగంగానే లెక్కించాలి.

హైదరాబాద్‌లోని యాకుత్‌పురా వంటి పాతబస్తీ పేటల్లో, సందుల దుమ్ము నేరుగా ఇంట్లోకి చేరి తివాచీల్లో దిగుతుంది కాబట్టి, షోరూములో నున్నని నేలపై చూపే ప్రదర్శన చాలదు. కొనుగోలుదారు తన తివాచీ మీదే పరీక్షించమని అడగడం, విడిభాగాలు, మరమ్మతు దగ్గరలో దొరుకుతాయో లేదో తెలుసుకోవడం న్యాయమైన హక్కు.