పాస్టరుగారి నంబరు

మొన్నటి లెంట్ దినాల్లో ఒక గురువారం సాయంత్రం, మా సంఘంలోని ఓ పెద్దావిడ ఫోనుకు వాట్సాప్ సందేశం వచ్చింది. పాస్టరుగారి ఫొటో, పాస్టరుగారి పేరు. ‘వందనాలమ్మా. మన బిడ్డ ఒకరిని ఆసుపత్రిలో చేర్చారు. అర్జంటుగా 8 వేలు కావాలి. ప్రార్థనలో ఉన్నాను, ఫోను చేయవద్దు’ అని ఉంది. ఆవిడ వెనుకాముందు చూడలేదు. పింఛను డబ్బులోంచి పంపేశారు. ఆదివారం ఆరాధన అయ్యాక ‘బిడ్డకెలా ఉందయ్యగారూ?’ అని అడిగితే గాని మోసం బయటపడలేదు. ఫొటో ఆయనదే. నంబరు ఆయనది కాదు.

సైబర్ దాడి అనగానే కంప్యూటర్లను ఛేదించే మేధావులను ఊహించుకుంటాం. అలాంటివీ లేకపోలేదు. 2017 మే నెలలో ‘వానాక్రై’ ఎన్నో దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు శస్త్రచికిత్సలు వాయిదా వేసుకున్నాయి. ఆ కన్నాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకోనివారే దెబ్బతిన్నారు. ఫోను ‘అప్‌డేట్’ అని అడిగినప్పుడల్లా విసుక్కునేవాళ్లలో మేమూ ఉన్నాం!

సంఘంలోకి వచ్చే దొంగకు అంత విద్య అక్కర్లేదు. మనకున్న నమ్మకం చాలు. పాస్టర్ల పేరు చెప్పి విశ్వాసులచేత గిఫ్ట్ కార్డులు కొనిపిస్తున్నారని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లోనే హెచ్చరించింది. తొందరపెట్టడం, ‘ఫోను చేయవద్దు’ అనడం అక్కడా ఇక్కడా ఒకటే. ఆ సందేశానికి జవాబివ్వకుండా, మన దగ్గర మొదటినుంచీ ఉన్న నంబరుకు ఫోను చేసి అడగాలి. దైవసేవకుణ్ణి అనుమానించినట్లవుతుందేమోనని మొహమాటపడతాం. మా పాస్టరుగారు మాత్రం ‘ఎన్నిసార్లయినా చేయండమ్మా’ అన్నారు.

ఒక్కోసారి తెలిసినవారి అసలు నంబరు నుంచే సందేశం వస్తుంది. ‘పొరపాటున మీకు ఆరంకెల కోడ్ వచ్చింది, పంపండి’ అంటారు. పంపితే మన వాట్సాప్ వాళ్ల చేతికి పోతుంది. ఆపైన మన పేరుతో మనవాళ్లనే అడుగుతారు. వాట్సాప్ సెట్టింగుల్లో ‘టూ స్టెప్ వెరిఫికేషన్’ పెట్టుకుంటే ఆ కోడ్ ఒక్కటే వాళ్లకు సరిపోదు. పెళ్లి శుభలేఖ అంటూ వచ్చిన ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది శుభలేఖ కాదు, ఫోనులో చొరబడే యాప్. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ కొట్టనక్కర్లేదు.

సొమ్ము పోయిన వెంటనే 1930కు ఫోను చేస్తే, అది ఇంకా బ్యాంకు ఖాతాలో ఉన్నంతవరకు నిలిపివేసే వీలుంది. మేము చేసేసరికి మూడు రోజులైంది. ఆవిడ 8 వేలు తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ప్రకటనల్లో సెక్రటరీగారు పాస్టరుగారి నంబరు చదువుతున్నారు. ఆవిడ దాన్ని బైబిల్ అట్ట లోపల పెద్ద అంకెలతో రాసుకున్నారు.