యాడ్‌కు ఎంత పెట్టాలి? ఆన్‌లైన్ అమ్మకందారుల అపోహలు – వాస్తవాలు

అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో ఏదైనా వెతికితే, పై వరుసల్లో కనిపించే సరుకుల్లో చాలావాటి పక్కన చిన్న అక్షరాల్లో యాడ్ అనో స్పాన్సర్డ్ అనో ఉంటుంది. ఆ చోటు కోసం అమ్మకందారు డబ్బు కట్టాడన్నమాట. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో ఎక్కువగా క్లిక్కుకు ఇంత అని కడతారు. విదేశాలకు సరుకు పంపేవాళ్లు వాడే ఈబేలో సాధారణ ప్రమోషన్‌కు అమ్మిన మొత్తంలో ఇంత శాతం అని కడతారు. పద్ధతి ఏదైనా ప్రశ్న ఒక్కటే: ఎంత కడితే గిట్టుబాటు? సెల్లర్ల వాట్సాప్ గ్రూపుల్లో దీనికి రెడీమేడ్ జవాబులు బోలెడు తిరుగుతుంటాయి. వాటిలో కొన్నింటిని లెక్క వేసి చూద్దాం.

అపోహ: ప్లాట్‌ఫాం సూచించిన బిడ్డే సరైన రేటు.

వాస్తవం: బిడ్ అంటే ఒక క్లిక్కుకు ఇంతదాకా ఇస్తామని అమ్మకందారు పెట్టే రేటు. అలాంటి సరుకుకు మిగతా అమ్మకందారులు పెట్టి గెలుస్తున్న బిడ్లను బట్టి ఆ సూచన వస్తుంది. అంటే అది బజారు రేటు. మీకు గిట్టే రేటు వేరు. చీర మీకు ఎంతకు పడిందో, ప్యాకింగ్‌కు ఎంతైందో ఆ సూచనకు తెలియదు.

మంగళగిరి నూలు చీర ఒకటి 1,200 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. అందులో 5 శాతం జీఎస్టీ కింద 57 రూపాయలు పోతాయి. చీర కొన్న ధర 650. కమీషన్, షిప్పింగ్, ఇతర చార్జీలు కలిపి 230. ప్యాకింగ్ 23. తిరిగొచ్చే పార్సిళ్ల రవాణా ఖర్చుకని 40 పక్కన పెట్టారు. అన్నీ పోగా మిగిలేది 200. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, మీ సరుకుకు మీ అంకెలు వేసుకోండి.

యాడ్ ఖర్చు ఆ 200లోంచే రావాలి. 20 మంది నొక్కితే ఒకరు కొంటున్నారంటే, 200ను 20తో భాగిస్తే క్లిక్కుకు 10 రూపాయలు. అంతా యాడ్‌కే పోయి చేతికి ఏమీ మిగలని రేటు అది. చీరకు 80 రూపాయలైనా మిగలాలంటే యాడ్‌కు ఉండేది 120, అంటే క్లిక్కుకు 6 రూపాయలు. ప్లాట్‌ఫాం 14 సూచించిందని 14 పెట్టి, అంతా ఖర్చయితే ఒక్కో చీర మీద 80 రూపాయలు ఎదురు పెట్టుకుంటున్నట్టే.

అపోహ: క్లిక్కు అయిదు రూపాయలే కదా, పోతే పోయింది.

వాస్తవం: క్లిక్కు చవకా ఖరీదా అన్నది ఎంతమంది నొక్కితే ఒకరు కొంటారన్న దాన్ని బట్టి ఉంటుంది. 5 రూపాయల క్లిక్కులు 60 వస్తేగానీ ఒక ఆర్డరు పడకపోతే, ఆ ఆర్డరుకు 300 ఖర్చయింది. 12 రూపాయల క్లిక్కులు 10 వస్తే ఒక ఆర్డరు పడితే 120తో సరిపోయింది. ఊరికే ‘చీరలు’ అని వెతికేవాళ్లు చాలావరకు చూసి పోయేవాళ్లు. ‘మంగళగిరి కాటన్ చీర నిజాం బోర్డర్’ అని వెతికే మనిషి ఏం కావాలో తేల్చుకునే వచ్చింది. ఆ రెండు వెతుకులాటలకూ ఒకే బిడ్ పెట్టడం దండగ.

అమెజాన్ ఇచ్చే సెర్చ్ టర్మ్ రిపోర్టులో ఏ మాటకు ఎన్ని క్లిక్కులు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో కనిపిస్తుంది. పట్టు చీర కోసం వెతికేవాళ్లు మీ నూలు చీరను నొక్కి వెళ్లిపోతున్నారని తేలితే, ‘పట్టు’ అన్న మాటను నెగెటివ్ కీవర్డ్‌గా పెట్టేయండి, ఆ మాటతో వెతికేవారికి మీ యాడ్ కనిపించదు. బిడ్ తగ్గించుకునే ముందు చేయాల్సిన పని ఇది.

అపోహ: ఏకాస్ 15 శాతం లోపు ఉంటే లాభంలో ఉన్నట్టే.

వాస్తవం: యాడ్ ఖర్చు, యాడ్ ద్వారా నమోదైన అమ్మకాల్లో ఎంత శాతమో చెప్పేదే ఏకాస్. అందరికీ పనికొచ్చే మంచి ఏకాస్ అంటూ ఒకటి ఉండదు. సరుకు మీద 40 శాతం మిగిలే వ్యాపారికి 25 శాతం ఏకాస్ వచ్చినా లాభమే. పైన చెప్పిన చీరకు అది నిఖార్సయిన నష్టం.

దీనికి తోడు రిటర్నులు. పార్సిల్ తిరిగొచ్చినంత మాత్రాన కట్టిన క్లిక్కు డబ్బు తిరిగి రాదు. యాడ్ రిపోర్టులో మాత్రం అది అమ్మకంగానే ఉండిపోవచ్చు. అయిదు చీరల్లో ఒకటి వెనక్కి వస్తోందనుకోండి. అప్పుడు నిజంగా నిలిచిన ఒక్కో అమ్మకానికి 20 కాదు, 25 క్లిక్కులు పడుతున్నాయి. మన 200ను 25తో భాగిస్తే గరిష్ఠ బిడ్ 8కి దిగింది. చీరకు 80 మిగలాలంటే 4 రూపాయల 80 పైసలే. 8 రూపాయల చొప్పున 25 క్లిక్కులకు 200 ఖర్చు పెడితే, రిపోర్టులో కనిపించే అమ్మకం ఒకటింపావు చీర, అంటే 1,500 రూపాయలు. ఏకాస్ 13.3 శాతం అని చూపిస్తుంది. మీ చేతికి మాత్రం పైసా మిగలదు. ‘15 లోపు ఉంది కదా’ అని నిశ్చింతగా ఉన్న వ్యాపారి అసలు పరిస్థితి ఇది.

అపోహ: జీఎస్టీ, టీసీఎస్, టీడీఎస్ అన్నీ కోతలే కాబట్టి యాడ్ లెక్కలో అన్నీ తీసేయాలి.

వాస్తవం: వీటిని విడదీసి చూడాలి. యాడ్ బిల్లుపై 18 శాతం జీఎస్టీ పడుతుంది. మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి అది ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌గా సర్దుబాటవుతుంది. రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులు, కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు కూడా 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్ముకోవచ్చు. వారికి ఈ క్రెడిట్ రాదు. 6 రూపాయల క్లిక్కు వారికి నిజంగా 7 రూపాయల 8 పైసలు.

ఇక ప్లాట్‌ఫాం పట్టుకునే టీసీఎస్ 2024 జులై 10 నుంచి 0.5 శాతం, టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. ఇవి మీ పేరిట ముందే జమ అయ్యే పన్నులు. తర్వాత సర్దుబాటవుతాయి కాబట్టి బిడ్ లెక్కలో ఖర్చుగా వేసుకోనక్కర్లేదు.

అపోహ: ఈబేలో అమ్ముడైతేనే ఫీజు. కాబట్టి ఎంత శాతం పెట్టినా నష్టం లేదు.

వాస్తవం: అమ్ముడు కాకపోతే కట్టక్కర్లేదన్నది నిజమే. కానీ ఆ శాతం దేనిమీద అన్నది చూడాలి. ఈబే సాధారణ ప్రమోషన్‌లో రేటు 2 శాతం నుంచి మొదలవుతుంది. దాన్ని సరుకు ధరతోపాటు షిప్పింగ్, పన్ను కలిపిన మొత్తంపై లెక్కిస్తారు. 40 డాలర్ల కలంకారీ దుపట్టాకు 20 డాలర్ల షిప్పింగ్, 5 డాలర్ల పన్ను పడితే మొత్తం 65. దానిమీద 10 శాతం ఆరున్నర డాలర్లు. మీ సరుకు ధరతో పోలిస్తే అది 16 శాతం పైమాటే. విదేశీ షిప్పింగ్ భారం ఎక్కువగా ఉండే మన అమ్మకందారులకు ఈ తేడా మరీ పెద్దది.

ఎట్సీలో బయటి సైట్లలో వచ్చే ప్రకటనలకు పద్ధతి మరొకటి. ఏడాదిలో 10,000 డాలర్లకు తక్కువ అమ్మే దుకాణాలకు ఫీజు 15 శాతం, వద్దనుకుంటే తప్పుకోవచ్చు. ఆ మొత్తం దాటినవారికి 12 శాతం, తప్పుకునే వీలుండదు. అలాంటప్పుడు ఎంత పెట్టాలన్న ప్రశ్నే లేదు. ఆ ఖర్చును ముందే సరుకు ధరలో కలుపుకోవాలి.

అపోహ: యాడ్ ఖాతాలో కనిపించే అమ్మకాలన్నీ యాడ్ తెచ్చినవే.

వాస్తవం: అపోహలన్నింటిలో ఖరీదైనది ఇదే. దీన్ని బయటపెట్టింది ఈబే సంస్థ సొంత డబ్బుతో చేసిన ప్రయోగం. 2012 మార్చిలో ఈబే తన పేరుతో వెతికేవారికి యాహూ, ఎంఎస్ఎన్ సెర్చ్‌లలో ఇచ్చే ప్రకటనలను ఆపి చూసింది. ప్రకటనలు ఆపడం వల్ల పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం, డబ్బు కట్టనక్కర్లేని మామూలు ఫలితాల ద్వారా మళ్లీ ఈబేకే వచ్చాయి. థామస్ బ్లేక్, క్రిస్ నాస్కో, స్టీవెన్ టాడెలిస్ ఈ ప్రయోగాన్నీ, ఈబేలో చేసిన ఇలాంటి ఇతర ప్రయోగాలనూ 2015లో ఎకనామెట్రికా పత్రికలో వివరించారు. కొత్తవాళ్ల మీద, అరుదుగా కొనేవాళ్ల మీద ప్రకటనల ప్రభావం కనిపించింది. ఖర్చులో ఎక్కువ భాగం మాత్రం ఎలాగూ వచ్చి కొనే పాత ఖాతాదారుల క్లిక్కులకే పోయింది.

మీ దుకాణానికీ ఇదే వర్తిస్తుంది. 10 శాతం ఫీజుతో 10 అమ్మకాలు నమోదయ్యాయి, వాటిలో 6 యాడ్ లేకున్నా వచ్చేవే అనుకోండి. పదింటికీ ఫీజు కట్టి కొత్తగా తెచ్చుకున్నది నాలుగే. ఒక్కో కొత్త అమ్మకానికి పడింది 10 కాదు, 25 శాతం. మీ బ్రాండు పేరుతోనే వెతికి వచ్చినవారి విషయంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

తేల్చుకునే దారి ఉంది. ఒకే రకంగా అమ్ముడయ్యే సరుకుల్లో సగానికి కొన్ని వారాలు యాడ్ ఆపి, మిగతా సగానికి కొనసాగించండి. తర్వాత అటుదిటు మార్చండి. యాడ్ రిపోర్టును పక్కనపెట్టి మొత్తం అమ్మకాలు ఎంత మారాయో చూడండి. ఆ తేడాయే యాడ్ సంపాదించి పెట్టింది.

అపోహ: ఎంత ఎక్కువ బిడ్ పెట్టినా కట్టేది రెండోవాడి రేటే. కాబట్టి భయం లేదు.

వాస్తవం: గెలిచినవాడు రెండో బిడ్‌కు తగ్గ రేటు కట్టే వేలం పద్ధతిపై విలియం విక్రీ 1961లోనే సిద్ధాంతం రాశాడు. కానీ రెండోవాడు కూడా ‘భయం లేదు’ అనుకుని 20 పెడితే మీరు కట్టేదీ ఇంచుమించు అంతే. గూగుల్ 2002లో బిడ్‌తోపాటు ఎంతమంది నొక్కుతారన్నదీ లెక్కలోకి తెచ్చాక, డబ్బొక్కటే చోటు సంపాదించే రోజులు పోయాయి. అమెజాన్‌లోనూ మీ లిస్టింగ్ వెతికిన మాటకు సరిపోవాలి. ఒకే సరుకును పలువురు అమ్ముతుంటే, ఫీచర్డ్ ఆఫర్ (కొనేవారికి అమెజాన్ ముందుగా చూపే ఆఫర్) మీది కాకపోతే స్పాన్సర్డ్ ప్రొడక్ట్స్ యాడ్ కనిపించనే కనిపించదు.

సెట్టింగుల్లోనూ ఒక కిటుకుంది. 6 రూపాయల బిడ్‌కు మొదటి పేజీ పైభాగం కోసం 50 శాతం పెంపు ఎంచుకుంటే 9 అవుతుంది. ‘అప్ అండ్ డౌన్’ పద్ధతి కూడా పెట్టి ఉంటే అమెజాన్ ఆ 9ని రెట్టింపు దాకా, అంటే 18 దాకా తీసుకెళ్లగలదు. మీరు కట్టిన లెక్క 6 దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

అపోహ: నాలుగు రోజులు చూస్తే యాడ్ పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: నిజంగా 20లో ఒకరు కొనే సరుకుకు కూడా 20 క్లిక్కులొచ్చి ఒక్క ఆర్డరూ పడకపోవడానికి 36 శాతం దాకా అవకాశం ఉంది. 60 క్లిక్కులు వచ్చినా ఒక్కటీ అమ్ముడు కాకపోవడానికి అవకాశం 5 శాతం లోపే. కాబట్టి 20 దగ్గర కంగారుపడి ఆపడం తొందరపాటు, 60 దాటినా ఆశతో కొనసాగించడం మొండితనం. మొదటి రోజే రెండు ఆర్డర్లు పడ్డాయని బిడ్ పెంచడమూ తొందరపాటే.

అపోహ: కొత్త సరుకు లేవాలంటే నష్టానికైనా యాడ్ ఇవ్వాలి. ఆపితే ర్యాంకు పడిపోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజం. అమ్మకాలు, రివ్యూలు పెరిగిన సరుకు మామూలు ఫలితాల్లోనూ పైకి రావచ్చు. అందుకని మొదట్లో కొంత నష్టం భరించడం వ్యాపారమే. అయితే దానికి ముందే ఒక మొత్తం, ఒక గడువు రాసి పెట్టుకోవాలి. గడువు తీరేనాటికి యాడ్ లేకుండా వచ్చే ఆర్డర్లు పెరగకపోతే లోపం బిడ్‌లో లేదు. ఫొటోనో, ధరనో, అసలు సరుకునో చూసుకోవాలి. గడువు లేని ‘లాంచింగ్’ ఏళ్ల తరబడి చేతి చమురు వదిలిస్తుంది.

అపోహ: పండగ సేల్‌లో బిడ్ రెట్టింపు చేయాల్సిందే.

వాస్తవం: 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే జరిపినప్పటి నుంచి దసరా, దీపావళి సేళ్లు అమ్మకందారులకు పెద్ద సీజన్. కొనాలని వచ్చేవారు ఎక్కువ కాబట్టి ఎక్కువ క్లిక్కులు ఆర్డర్లవుతాయి. కానీ మీరూ ధర తగ్గించి ఉంటారు. 1,200 చీరను 1,080కి ఇస్తే, కమీషన్, జీఎస్టీ కాస్త తగ్గినా, 200 మిగులు దాదాపు సగానికి పడిపోతుంది. 20కి ఒకరు కొనేచోట 10కి ఒకరు కొన్నా, గిట్టే బిడ్ మళ్లీ పాత చోటికే వచ్చింది. రెట్టింపు చేస్తే అమ్మకాలు పెరుగుతాయి, వాటితోపాటు నష్టమూ పెరుగుతుంది.

అపోహ: పోటీదారు అంత కడుతున్నాడంటే అతనికి గిట్టుతోందన్నమాట. మనమూ కట్టాలి.

వాస్తవం: అతను చీరలు నేరుగా మగ్గం దగ్గరే కొంటుండవచ్చు. పాత స్టాకు వదిలించుకుంటుండవచ్చు. లెక్కే వేసుకోకుండా నష్టపోతుండనూ వచ్చు. అతని బిడ్‌ను బట్టి వీటిలో ఏదో చెప్పలేం. మీ లెక్క ప్రకారం ఒక సరుకుకు గిట్టే బిడ్ రూపాయిన్నర, బజారులో నడుస్తున్నది 6 అయితే, ఆ సరుకుకు యాడ్ వద్దన్నదే సరైన జవాబు. ఆ డబ్బు మీ దగ్గరున్న వాటిలో ఎక్కువ మిగిలే సరుకుకు పెట్టండి, లేదా మంచి ఫొటోలు తీయించండి. ప్రతి లిస్టింగ్‌కూ యాడ్ ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఏ సరుకుకు ఎంత మిగులుతుందో రాసుకున్న పట్టికలో కొన్ని గళ్లలో సున్నా ఉండటమే పద్ధతిగా సాగే వ్యాపారం లక్షణం.