లోహమునకు మాఱుగా ప్లాస్టిక్కు

తెలంగాణములోను రాయలసీమలోను నీరు కఠినశిలల పగుళ్లలో దాగియుండుటచే, రైతు వందల అడుగుల లోతునకు బోరు వేయించి, ఆ ఇరుకు రంధ్రములోనికి పంపును మోటారును ఒక్కటిగా బిగించి దింపవలసి వచ్చుచున్నది. ఆఱంగుళముల బోరులో చక్రము వ్యాసమును పెంచుటకు వీలులేదు గనుక, స్టేజీలను ఒకదానిపై నొకటిగా పేర్చుదురు. ప్రతి స్టేజిలోను ఇంపెల్లరు అను ఆ చక్రము గిఱ్ఱున తిరిగి నీటిని విసరగా, దానిని చుట్టుకొనియున్న బౌలు ఆ వేగమును పీడనముగా మార్చి పై స్టేజి కందించును. ఒకప్పుడు ఇంపెల్లరు కంచుతోనో ఇత్తడితోనో, బౌలు పోతయినుముతోను చేయబడెడివి. నేడు విప్పిన పంపులలో పెక్కింట నునుపైన ప్లాస్టిక్కు ఇంపెల్లర్లే కనబడుచున్నవి. గట్టి సరుకు పోయి చవక సరుకు వచ్చినదని పలువు రనుకొందురు. ఆ మాట కొంత నిజము, కొంత పొరపాటు. ఏది ఎంతవఱకో తేల్చుటకు యంత్రమును భాగభాగముగా పరిశీలింపవలెను.

మన దేశమున పంపుల పరిశ్రమకు పుట్టినిల్లని చెప్పదగిన కోయంబత్తూరులో, తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడు, డి. బాలసుందరముతో కూడి 1937లో దేశీయమైన విద్యున్మోటారును నిర్మించిన కాలమునుండియు, ఈ విద్య పోతపనిని ఆశ్రయించియే పెరిగినది. ఇసుక అచ్చులో కరగిన లోహమును పోసి, చల్లారిన పిదప లేతుపై చెక్కి సరిచేయుట అందలి పద్ధతి. కాని ఇంపెల్లరు రెక్కల నడుమనున్న వంకర దారులలోనికి లేతు ఉలి పోజాలదు. ఇసుక విడిచిన గరుకుదనము అక్కడనే నిలిచిపోయి, నీటితో రాచుకొని, శక్తిని వృథాచేయును. ఇత్తడి కొన్ని నీళ్లలో తన తుత్తునాగమును కోల్పోయి గుల్లబాఱును, ఇనుము త్రుప్పుపట్టును. నెలల తరబడి నడపక విడిచిన పంపు, ఆ త్రుప్పుచేతనే బిగిసి, స్విచ్చి వేసినను కదలకుండుట మెకానిక్కులకు నిత్యానుభవము.

ప్లాస్టిక్కు ఈ రంగమున ప్రవేశించుట ఒక్క దినమున జరిగినది కాదు. 1907లో లియో బేక్లండు కనిపెట్టిన బేకలైటు స్విచ్చులకును స్టార్టరు పిడులకును ఉపకరించినదే గాని, పెళుసుదనముచేత వేగముగ తిరుగు భాగములకు తగినది కాలేదు. 1935లో వాలెస్ కరోథర్సు సృష్టించిన నైలాను దృఢమైనదే యైనను, నీట నానినపుడు తన బరువులో ఎనిమిది తొమ్మిది శాతము వఱకు నీటిని పీల్చి ఉబ్బును. ఇంపెల్లరు మెడకును దాని చుట్టునున్న రింగునకును నడుమ వెండ్రుకవాసి సందే యుండవలసిన పంపులో ఈ ఉబ్బు పెద్ద దోషము. 1956లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రజ్ఞుడు అలన్ హే నీటిని దాదాపు పీల్చని పాలీఫెనిలీన్ ఆక్సైడును సిద్ధపఱచెను. దానిని కరగించి అచ్చులో పోయుటకు మిక్కిలి వేడి కావలసియుండెను. దువ్వెనలకును డబ్బాలకును వాడెడి సామాన్యమైన పాలీస్టైరీను దానితో సంపూర్ణముగా కలిసిపోవునని తెలిసిన పిదప ఆ చిక్కు విడిపోయెను. ఈ మిశ్రమమే నోరిల్ అను పేర 1960వ దశకమున అంగడికి వచ్చి, బోరు పంపుల ఇంపెల్లర్లకు ముఖ్యద్రవ్య మయ్యెను.

దీని గుణములు ప్రత్యక్షములు. ఉక్కు అచ్చులో ఒత్తిడితో నింపబడుటచే రెక్కల లోపలి దారులు గూడ నునుపుగా వచ్చును. త్రుప్పు మాటయే లేదు. కంచు ఘన సెంటీమీటరునకు తొమ్మిది గ్రాములకు కొంచెము తక్కువగా తూగగా, గాజునార చేర్చిన నోరిల్ సైతము 1.3 గ్రాములు మించదు. నిమిషమునకు మూడువేలకు కొంచెము తక్కువ చుట్లు తిరుగు షాఫ్టుపై వరుసగా కూర్చిన ఇంపెల్లర్లన్నిటికిని ఈ తేలికదనము వర్తించునపుడు, ఆ లాఘవము మోటారును ప్రారంభించుటయందును, బేరింగులపై పడు భారమునందును తెలియుచుండును.

అయినను లోహపు ఆకారమును యథాతథముగా ప్లాస్టిక్కులో పోసినంతమాత్రమున పని నెఱవేఱదు. ఎడతెగని భారము క్రింద ప్లాస్టిక్కు మెల్లమెల్లగా సాగును. వేడికి ఉక్కుకంటె పలు రెట్లు వ్యాకోచించును. గాజునార చేర్చి ఈ దోషములను తగ్గింపవచ్చును గాని, ఆ నారలు అచ్చులో ద్రవము పాఱిన దిశనే వరుసదీఱుటచే, చల్లారునపుడు ముక్క ఒక దిక్కున కొంతయు మఱియొక దిక్కున కొంతయు కుంచించుకొని వంకరపోవచ్చును. రెండు పాయలుగా వచ్చిన ద్రవము కలిసికొను గీత బలహీనముగా నుండును. షాఫ్టు తన బలమును అందించు చోట ప్లాస్టిక్కు అరిగిపోకుండుటకై పెక్కు ఇంపెల్లర్లలో స్టెయిన్‌లెస్ స్టీలు గుబ్బను పొదుగుదురు. కనుక మంచి ప్లాస్టిక్కు ఇంపెల్లరు కంచు ఇంపెల్లరునకు అనుకృతి కాదు. మొదటినుండియు వేఱుగా ఊహింపబడిన వస్తువు.

దానికి గొప్ప శత్రువు వేసవి. బోరులో నీరు క్రిందికి దిగి పంపు వట్టిగా తిరిగినచో, చల్లబఱచుటకును జాఱుడు కల్పించుటకును నీరు లేక రాపిడి వేడిమి పెరుగును. కంచు ఆ వేడిని కొంతసేపైన ఓర్చుకొనును; నోరిల్ మెత్తబడి, ఆకారము చెడి, రింగునకు అంటుకొనిపోవును. కరెంటు రాగానే తనంతట తానే మోటారును నడపు ఆటో స్టార్టరు, రైతు పొలమున లేనప్పు డీ యాపదకు మఱింత త్రోవ చూపును. నీరు తగ్గగానే మోటారును ఆపివేయు రక్షణ సాధనము ప్లాస్టిక్కు పంపునకు అలంకారము కాదు, అత్యవసరము.

ఇక మోటారు సంగతి. విద్యుత్తును అడ్డగించుటయే ప్లాస్టిక్కునకు సహజగుణము గనుక, నీరు నిండిన సబ్‌మెర్సిబుల్ మోటారులో రాగితీగ ప్లాస్టిక్కు పొరను కప్పుకొని నీటిలోనే నిర్భయముగా పనిచేయుచున్నది. నేలపై నడచు మోటార్ల వెనుకనుండు గాలిఫ్యానును, టెర్మినల్ పెట్టెయు పలుచోట్ల ప్లాస్టిక్కువే. కాని విద్యుత్తును అడ్డగించు ఈ ద్రవ్యమే వేడిని గూడ అడ్డగించును. పోతయినుము ప్రసరింపజేయు వేడిలో నూఱవవంతు నైనను సామాన్యపు ప్లాస్టిక్కు ప్రసరింపజేయదు. అందుచే లోని వేడిని బయటికి పంపవలసిన మోటారు దేహము లోహముగనే నిలిచినది. అయస్కాంతక్షేత్రమును మోయు సిలికాన్ ఉక్కు రేకులకును, మెలిద్రిప్పు బలమును మోయు షాఫ్టునకును ఈ ధరలో సాటివచ్చు ప్లాస్టిక్కు లేదు.

కావున చవక, గట్టి యను మాటలతో ఈ వివాదము తీఱదు. ఏ భాగము ఏ పనిని మోయుచున్నదో చూచియే ద్రవ్యమును నిర్ణయింపవలెను. కాని ఈ మార్పులో రైతుకు లెక్కకు రాని నష్ట మొకటి కలదు. అరిగిన కంచు ఇంపెల్లరును ఊరి లేతు పనివాడు చెక్కి, రింగు తొడిగి, మరల నడపగలిగెడివాడు. పనికిరాదన్నప్పుడు గూడ దానికి తూకపు వెల యుండెడిది. ప్లాస్టిక్కు ఇంపెల్లరును బాగుచేయువారు లేరు. అచ్చు ఎవరి వద్ద నున్నదో వారే క్రొత్తది పంపవలెను, ఆ నమూనాను వారు మానివేసినచో బాగుగానున్న మోటారు సైతము మూలపడును. కొనునపుడు ధరతోపాటు, ఆ ఇంపెల్లరు పదేండ్ల తరువాత దగ్గఱి పట్టణమున దొఱకునా యని అడుగుట వివేకము.